కథల కొలువు, కథల చెర

1944 మార్చిలో 'అస్టౌండింగ్' అనే అమెరికన్ మాసపత్రికలో క్లీవ్ కార్ట్‌మిల్ రాసిన 'డెడ్‌లైన్' అనే కథ అచ్చయింది. కథగా చూస్తే అంతంత మాత్రమే. కానీ అందులోని బాంబు యురేనియం-235తో పేలుతుంది. అణుబాంబు రహస్యం బయటికి పొక్కిందేమోనని కంగారుపడిన నిఘా అధికారులు సంపాదకుడు జాన్ క్యాంప్‌బెల్ దగ్గరికి వచ్చి ఆరా తీశారు. అదంతా ఎప్పుడో అచ్చయిన శాస్త్ర వ్యాసాల్లో ఉన్నదేనని ఆయన నచ్చజెప్పాల్సి వచ్చింది.

ఇంత హడావిడి చేసిన కథకైనా పత్రికలో ఆయుష్షు నెల రోజులే. సైన్స్ ఫిక్షన్ పత్రికలను చెక్కగుజ్జుతో చేసిన చవక కాగితం మీద వేసేవాళ్లు. కొన్నేళ్లకే పసుపెక్కి, ముట్టుకుంటే పెళుసుగా విరిగే కాగితం అది. కొత్త సంచిక రాగానే పాతది చిత్తుకాగితాల్లోకి పోయేది. 1943లో డొనాల్డ్ వొల్‌హైమ్ అలాంటి కథలు కొన్ని ఏరి జేబు పుస్తకంగా వేశాడు. అసలు మార్పు మాత్రం హిరోషిమా తర్వాతే. పిచ్చి ఊహలని నవ్వినవాళ్లు పత్రికలు రాసింది నిజమైందే అని వెనక్కి తిరిగి చూశారు. 1946లో గ్రాఫ్ కాంక్లిన్ 40 కథలతో 'ది బెస్ట్ ఆఫ్ సైన్స్ ఫిక్షన్' తెచ్చి, అణుశక్తి కథలను ప్రత్యేకంగా ఒక భాగంలో కూర్చాడు. అందులో 'డెడ్‌లైన్' కూడా ఉంది. అదే ఏడాది హీలీ, మెకోమస్ అనే ఇద్దరు సంపాదకులు దాదాపు వెయ్యి పేజీల 'అడ్వెంచర్స్ ఇన్ టైమ్ అండ్ స్పేస్' కూర్చారు. ప్రచురించింది రాండమ్ హౌస్. గట్టి అట్ట వేసుకున్నాక ఈ కథలకు లైబ్రరీ బీరువాల్లో చోటు దొరికింది. పత్రిక వచ్చిన నాటికి పుట్టని పిల్లలు కూడా వాటిని చదివి రచయితలయ్యారు.

నా దృష్టిలో సైన్స్ ఫిక్షన్‌కు సహజమైన కొలత చిన్నకథే. ఒక్క ఊహ, దాని పర్యవసానం, అంతే. ఐజాక్ అసిమోవ్ 'నైట్‌ఫాల్' (1941) చూడండి. ఆరు సూర్యులున్న లోకంలో రెండు వేల ఏళ్లకోసారి చీకటి పడితే మనుషులేమవుతారు? అమెరికా సైన్స్ ఫిక్షన్ రచయితల సంఘం సభ్యులు ఓట్లేసి ఎంచిన కథలతో 1970లో రాబర్ట్ సిల్వర్‌బర్గ్ 'హాల్ ఆఫ్ ఫేమ్' సంకలనం తెచ్చినప్పుడు, ఎక్కువ ఓట్లు ఈ కథకే పడ్డాయి. 1990లో అసిమోవ్, సిల్వర్‌బర్గ్ కలిసి దాన్ని నవలగా పెంచారు. పేజీలు పెరిగాయి, దిగ్భ్రమ తగ్గింది.

అచ్చయిన కథలను ఏరడం ఒక పని, అచ్చుకాని కథలను అడిగి రాయించడం మరో పని. ఫ్రెడరిక్ పోల్ 1953లోనే ఈ రెండో పని మొదలుపెట్టాడు. అతని 'స్టార్' సంకలనంలోనే ఆర్థర్ క్లార్క్ 'ది నైన్ బిలియన్ నేమ్స్ ఆఫ్ గాడ్' మొదటిసారి వెలుగు చూసింది. కానీ దీన్ని తగాదాగా మార్చింది హార్లన్ ఎల్లిసన్. నోరూ కలమూ రెండూ దురుసే ఆయనకు. దేవుడి గురించి, శృంగారం గురించి పత్రికలు వేయడానికి జంకే కథలు ఇమ్మని రచయితలను అడిగాడు. 1967లో 33 కథలతో 'డేంజరస్ విజన్స్' వచ్చింది. అసిమోవ్ తాను పాతకాలపువాణ్నని తప్పుకుని ముందుమాటలు మాత్రం రాసిచ్చాడు. ప్రతి కథకూ ముందు ఎల్లిసన్ పరిచయం, వెనక రచయిత మాట. కొన్నిచోట్ల కథ కంటే ఆ పరిచయమే రంజుగా ఉంటుంది, అది రచయితకు ఇబ్బందే అయినా. శామ్యూల్ డిలేనీ, ఫ్రిట్జ్ లైబర్, ఫిలిప్ హోసే ఫార్మర్‌ల కథలకు ఆ రంగంలోని పెద్ద బహుమతులొచ్చాయి. 1972లో వచ్చిన రెండో సంపుటంలోనూ అంతే. ఉర్సులా లె గ్విన్‌కు హ్యూగో, జోవానా రస్‌కు నెబ్యులా దక్కాయి.

మూడోది 'ది లాస్ట్ డేంజరస్ విజన్స్'. రేపో మాపో అన్నారు. ఎల్లిసన్ వందకు పైగా కథలు కొన్నాడు, రచయితలకు డబ్బులూ ఇచ్చాడు. పుస్తకం మాత్రం రాలేదు. ప్రకటన మీద ప్రకటన వచ్చింది, పదేళ్లు, ఇరవయ్యేళ్లు గడిచాయి. విసిగిపోయిన కొందరు కథలు వెనక్కి తీసుకుని వేరే చోట వేసుకున్నారు. చాలామంది తమ కథ అచ్చులో చూసుకోకుండానే కన్నుమూశారు. బ్రిటిష్ నవలాకారుడు క్రిస్టొఫర్ ప్రీస్ట్ ఈ జాప్యం మీద నిప్పులు చెరుగుతూ ఒక పెద్ద వ్యాసమే రాశాడు. 1994లో అది పుస్తకమైంది. అంటే రాని పుస్తకం మీద విమర్శ ముందే వచ్చేసింది.

చిత్తుకాగితాల్లో కలిసిపోవాల్సిన కథలకు ఇల్లు కట్టిన ప్రక్రియే ఇక్కడ కథలను అల్మరాలో పెట్టి తాళం వేసింది. పత్రికలో పడితే నెల రోజులైనా జనం చేతుల్లో తిరిగేవి కదా! సంపాదకుడికి ఎంపిక చేసే అధికారం ఎంత ముఖ్యమో, వదిలిపెట్టే అలవాటూ అంతే ముఖ్యం. ఎల్లిసన్‌కు రెండోది అబ్బలేదు.

2018లో ఆయన చనిపోయాక, 'బాబిలోన్ 5' టీవీ ధారావాహిక సృష్టికర్త, ఆయన మిత్రుడు జె. మైకేల్ స్ట్రాజిన్‌స్కీ ఆ అల్మరా తెరిచాడు. పాతవాటిలో కొన్నే ఉంచి, కొత్త కథలు చేర్చి 2024 అక్టోబరులో పుస్తకం విడుదల చేశాడు. అదే ఏడాది ఫిబ్రవరిలో ప్రీస్ట్ చనిపోయాడు.