బిడ్డను చంకనేసుకొని జాతరకు, ఆనకట్టకు

పాలమూరు దక్షిణాన, ఇప్పటి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో, పాతకాలంలో ఇంటిల్లిపాదీ బండి కట్టుకొని ఊరు దాటారంటే చాలాసార్లు అందుకు కారణం చంటిబిడ్డే. పుట్టువెంట్రుకలు తీయించాలి. కురుమూర్తి స్వామికో, మల్దకల్ తిమ్మప్పకో, గద్వాల జమ్ములమ్మకో, బీచుపల్లి ఆంజనేయుడికో మొక్కి ఉంటారు. ఎప్పుడు బయలుదేరాలో పంచాంగమే చెప్పేది. దీపావళి వెళ్లాక కురుమూర్తి, మార్గశిరంలో తిమ్మప్ప, మాఘ పున్నమికి జమ్ములమ్మ. నిజాం కచేరీలకు శుక్రవారం సెలవుండేది గానీ సేద్యగాడి ఇంటికి వారపు సెలవెక్కడిది? ఇంగ్లండులో 1871లో చట్టం చేసి బ్యాంకు సెలవులిస్తే అక్కడి కుటుంబాలు రైలెక్కి సముద్రం ఒడ్డుకు పోయాయి. మన దగ్గర ఆ తీరికను జాతర ఇచ్చింది.

తీరిక అంటే సుఖమని కాదు. కచ్చురం బండిలో గడ్డి పరిచి, దానిమీద బొంత వేసి, జొన్నరొట్టెల సద్దిమూట ఒక పక్క, నీళ్ల కుండ ఒక పక్క పెట్టుకొని తెల్లవారుజామున కదిలేవారు. పొద్దెక్కేసరికి దుమ్ము, ఎండ, బిడ్డ ఏడుపు. గుడి దగ్గర మేనమామ ఒళ్లో కూర్చోబెట్టి కత్తి ఆనించగానే గుక్కపట్టే ఏడుపు ఇంకొకటి. ఆ తర్వాత నున్నటి గుండుకు గంధం పూసి, చెట్టుకొమ్మకు పాత చీరతో ఉయ్యాల కడితే బిడ్డ నిద్రపోయేది. పెద్దపిల్లలు పీపీలు, గిలకలు, బెండ్లు, బత్తాసల కోసం కొంగులు పట్టుకు లాగేవారు. అమ్మ మాత్రం మూడు రాళ్ల పొయ్యి దగ్గరే. యాటను కోసి అక్కడే వండి అందరికీ పెట్టాలి కదా. జాతరలో ఏం చూశావని ముసలమ్మలను అడిగితే, దేవుడి కన్నా ముందు పొయ్యి పొగే గుర్తొస్తుంది వాళ్లకు.

అయినా ఆ ఏర్పాటులో ఒక బలముంది. అవ్వ, మేనత్త, చిన్నమ్మ, పక్క బండిలోని ఊరివాళ్లు ఎవరో ఒకరు బిడ్డను ఎత్తుకునేవారు. పసివాణ్ని ఒక్క మనిషి రోజంతా మోయాలని అప్పట్లో ఎవరూ అనుకోలేదు. బిడ్డను తీసుకెళ్లకూడని చోటు ఏదో కూడా వాళ్లకు తెలుసు. చైత్ర పున్నమికి నల్లమల లోయలో జరిగే సలేశ్వరం జాతరకు రాళ్లదారిలో లోతుకు దిగాలి. అందుకే చిన్నపిల్లల్ని అవ్వ దగ్గర వదిలి వెళ్లడం చాలా ఇళ్లలో ఆనవాయితీ. నా మాట కూడా అదే. ఆ దారి పిల్లలకు కాదు.

ఆనకట్టలు వచ్చాక కుటుంబాల దారి మారింది. వనపర్తి సంస్థానాధీశుల చొరవతో పుట్టిన సరళాసాగర్ 1959లో పూర్తయింది. అక్కడ గేట్లు ఎత్తే మనిషి అక్కర్లేదు. నీళ్లు ఒక మట్టం దాటగానే సైఫన్‌లోని గాలిని నెట్టేసి వాటంతటవే బయటికి దూకుతాయి. మట్టం తగ్గి లోపలికి గాలి చొరబడితే ఆగిపోతాయి. ఎవరూ తిప్పకుండానే నీళ్లెలా వస్తున్నాయని అడగని పిల్లలుండరు. 2019 డిసెంబర్ 31న దాని కట్ట తెగినప్పుడు చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఇంటి మనిషికి దెబ్బ తగిలినట్టు బాధపడ్డారు.

శ్రీశైలం ప్రాజెక్టు కథ వేరు. కృష్ణ వెనక్కి నిలిచి ఊళ్లను మింగింది. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయిరాయిగా విప్పి ఆలంపురంలో మళ్లీ కట్టారు. కొల్లాపూర్ దగ్గర సోమశిల ఒడ్డున ఇవాళ పిల్లలు పడవెక్కుతామని మారాం చేస్తారు. పక్కనున్న తాత నీళ్లవైపు చెయ్యి చూపి మన పొలం అక్కడుండేదంటాడు. ఆ మాట పిల్లలకు అందదు, చెప్పకుండా ఉండటం ఆయన వల్లా కాదు. 2007 జనవరిలో ఇదే నదిలో మంచాలకట్ట దగ్గర పడవ మునిగి పదుల మంది పోయారు. ఒడ్డున నిలబడ్డ తల్లి బిడ్డ చెయ్యి గట్టిగా పట్టుకుంటుందంటే అది ఊరికే వచ్చిన భయం కాదు.

జూరాల ఆనకట్ట 1995లో జాతికి అందింది. దాని ఒక కొస గద్వాల జిల్లాలో, రెండో కొస వనపర్తి జిల్లాలో. వరదొచ్చి గేట్లెత్తారని తెలిస్తే ఆదివారం కట్ట మీద జనమే జనం. చేపల వేపుడు వాసన, నీటి హోరు, వాహనాల మధ్య పరుగెత్తే పిల్లలు. తండ్రి ఫొటో తీస్తుంటే, తల్లి చేపముల్లు ఏరుతూ ఇంకో కంట చిన్నదాన్ని కనిపెడుతుంది. వెంట అవ్వ లేదు, మేనత్త లేదు. బైకు మీద నలుగురికే చోటు. బిడ్డకు పాలివ్వాలంటే చాటు దొరకదు, చెట్టునీడ దూరం. జాతరకు పందిరి వేసి, చలివేంద్రం పెట్టి, తప్పిపోయిన పిల్లల పేర్లు మైకులో పిలిచే మన జనమే ఆనకట్టను మాత్రం చూసిపోయే చోటుగానే వదిలేశారు.

2023 డిసెంబర్ 9 నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు. దాంతో అక్కాచెల్లెళ్లు, తోడికోడళ్లు పిల్లల్ని వెంటేసుకొని, బైకు మీద మగవాళ్లు తీసుకెళ్లే దాకా ఆగకుండా, బీచుపల్లికో ఆలంపురానికో తామే బయలుదేరుతున్నారు. సీటు దొరక్క బిడ్డను ఎత్తుకొని నిలబడాల్సి వస్తుంది, నిజమే. కానీ ఒకరి చేతిలోంచి ఒకరి చేతికి బిడ్డ మారే పాత పద్ధతి అలా తిరిగొస్తోంది. వీళ్లు దిగేచోట తాగునీళ్లు, శుభ్రమైన మరుగుదొడ్డి, పాలిచ్చే తల్లికి ఒక గది, గట్టు వెంబడి పసిబిడ్డ దూరలేని కటకటాలు కావాలి. ఏటా లక్షల జనానికి పందిళ్లు వేసే ఈ మూడు జిల్లాలకు అది మోయలేని ఖర్చేమీ కాదు.