కలలో అడిగిన ప్రశ్న: ఎరుకగల స్వప్నమును గూర్చి ఆదిమ సంఘ సాక్ష్యము, అనంతపురం కాపరి పరిచర్య

ఉపోద్ఘాతం

అనంతపురం మెట్ట ప్రాంతంలో పరిచర్య చేసే కాపరికి కలలు కొత్త కాదు. వేకువ ప్రార్థన ముగియగానే ఎవరో ఒకరు గుమ్మం దగ్గర నిలబడి, "అయ్యగారూ, రాత్రి ఒక కల వచ్చింది, దాని భావమేమి?" అని అడుగుతారు. కొంతకాలం క్రితం ఒకే వారంలో ఇద్దరు మా యొద్దకు వచ్చారు. మొదటివాడు శెనక్కాయ రైతు. వేసిన బోర్లు ఎండి అప్పులపాలైనవాడు. బోరు గుంతలోనుండి నీళ్లకు బదులు దుమ్ము లేచి ఇంటిని కప్పివేసినట్లు అతనికి వారానికి రెండు మూడు సార్లు ఒకే కల వచ్చేది. నిద్ర అంటేనే భయపడిపోయాడు. రెండవవాడు కళాశాల విద్యార్థి. "కల కంటూ ఉండగానే ఇది కల అని తెలిసికొనే విద్య ఉందట, నేర్చుకోవచ్చునా, లేక పాపమా?" అని అతని ప్రశ్న.

రైతుకు ప్రార్థన చేసి పంపివేశాము. విద్యార్థికి, అది అన్యమత సాధన, విడిచిపెట్టుమని చెప్పాము. తరువాత అగస్తీను ఉత్తరాలు చదువుచుండగా ఈ రెండు జవాబులూ తొందరపాటువే అని మాకు తెలిసినది. ఎరుకగల స్వప్నానికి సంఘ చరిత్రలో ఉన్న స్థానాన్ని చూపి, దానివలన కాపరికి కలిగే ప్రయోజనాన్ని, హద్దులను వివేచించుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

1. తెల్లవారిన తరువాత అడిగే ప్రశ్న

మన ప్రాంతంలో కల అంటే ఒక కబురు. గుంతకల్లు సమీపాన ఉన్న కసాపురం ఆంజనేయస్వామి ఆలయ ఐతిహ్యం ప్రకారం, ఆంజనేయుడు వ్యాసరాయలకు కలలో కనబడి ఆలయం కట్టుమని చెప్పెను. మన సంఘాలలో సాక్ష్యం చెప్పేవారు కూడా అనేకులు కలతోనే ప్రారంభిస్తారు. యోసేపు, దానియేలు కథలు మనకు అంత ప్రియమైనవి కావడానికి ఇదొక కారణం. వీటన్నిటిలోను కల రాత్రి వస్తుంది, ప్రశ్న తెల్లవారిన తరువాత పుడుతుంది.

విద్యార్థి అడిగినది దీనికి భిన్నమైనది. ప్రశ్న కల లోపలనే పుట్టవలెను. ఇట్టి ఎరుకను గూర్చిన ఆలోచన భారతదేశంలో ప్రాచీనమైనదే. మాండూక్యోపనిషత్తు స్వప్నాన్ని ఆత్మ యొక్క రెండవ అవస్థగా లెక్కించినది. స్వప్న నిద్రల జ్ఞానాన్ని ఆధారంగా చేసికొని మనస్సును నిలుపవచ్చునని పతంజలి యోగసూత్రము చెప్పుచున్నది. టిబెట్టు బౌద్ధులు నారోపా పేరిట వచ్చిన ఆరు సాధనలలో స్వప్నయోగాన్ని ఒకటిగా నేర్పుతారు. కనుక ఇది అన్యమత సాధన అని మేము చెప్పిన మాటకు కొంత ఆధారం లేకపోలేదు. అయితే అది సగం చరిత్ర మాత్రమే.

2. ఉత్తర ఆఫ్రికా సాక్ష్యం

నిద్రించువాని లోపల ఏదో ఒకటి, ఇది కల మాత్రమేనని తరచుగా చెప్పుచుండునని అరిస్టాటిల్ క్రీస్తు పూర్వం 4వ శతాబ్దంలోనే గుర్తించాడు. క్రైస్తవ లోకంలో ఈ విషయంపై విలువైన సాక్ష్యాలు ఉత్తర ఆఫ్రికానుండి వచ్చినవి.

కురేనేవాడైన సినేసియస్ సుమారు 405లో స్వప్నములను గూర్చి ఒక గ్రంథం వ్రాశాడు. అప్పటికి అతడు ప్లేటో మార్గపు తత్వవేత్త. బిషప్పు అయినది తరువాతనే. పగటి సంగతులకు దినచర్య పుస్తకం ఉన్నట్లే రాత్రి సంగతులకు కూడా ఒకటి ఉండవలెనని అతని సలహా. నేడు ఈ విద్య నేర్చుకొనేవారికి చెప్పే మొదటి పాఠము ఇదే.

అగస్తీను ఆదికాండ వ్యాఖ్యానపు 12వ పుస్తకంలో స్వానుభవం చెప్పుకున్నాడు. కలలో అతనికి తాను కల కంటున్నట్లు తెలిసినది. అయినను, తన యెదుట ఉన్న స్నేహితునికి, మనము చూచునవన్నియు స్వప్నరూపములే అని నచ్చజెప్పుటకు ప్రయాసపడ్డాడు. ఆ స్నేహితుడు కూడా స్వప్నరూపమే అని మరచిపోయాడు! ఎనిమిది శతాబ్దాల తరువాత తోమా అక్వినాస్ ఈ సంగతినే సూత్రంగా చెప్పాడు: నిద్ర తేలికపడినప్పుడు మనిషి తాను చూచునది కల అని తీర్పు చేయగలడు, గాని ఏదో ఒక విషయంలో మోసపోతూనే ఉంటాడు.

అన్నిటికంటె ముఖ్యమైన సాక్ష్యం అగస్తీను సుమారు 415లో ఉజాలిస్ బిషప్పు ఎవోదియస్‌కు వ్రాసిన 159వ ఉత్తరంలో ఉన్నది. గెన్నాదియస్ అను వైద్యుడు రోమాలో పేరు పొంది, కార్తేజీలో నివసించెను. బీదలయెడల కనికరము గలవాడు. అయితే యౌవనంలో, మరణానంతరం జీవమున్నదా అను సందేహం అతనిని పీడించినది. ఒక రాత్రి కలలో ఒక యౌవనుడు అతనిని ఒక పట్టణానికి తీసికొనిపోగా అక్కడ మధురమైన గానం వినబడినది. మేలుకొని, కలే కదా అని వదలివేశాడు.

మరొక రాత్రి ఆ యౌవనుడే వచ్చి, నన్ను ఎరుగుదువా, నన్ను ఎక్కడ చూచితివి, అది నిద్రలోనా మెలకువలోనా అని వరుసగా ప్రశ్నించాడు. నిద్రలోనే అని గెన్నాదియస్ చెప్పాడు. ఇప్పుడు కూడా నీవు నిద్రలోనే చూచుచున్నావని యౌవనుడు తెలియజేశాడు. నీ శరీరం ఎక్కడనున్నదని అడుగగా, పడకమీద అని జవాబు వచ్చినది. ఆ కన్నులు మూయబడియుండగా నన్ను ఏ కన్నులతో చూచుచున్నావని అడిగినప్పుడు వైద్యుడు మౌనియైనాడు. దేహనేత్రాలు పని చేయకున్నను నీవు చూచుచున్నట్లే, మరణం తరువాత కూడా జీవము ఉండునని యౌవనుడు బోధించాడు. సందేహం తీరిపోయినది.

ఇక్కడ గమనింపదగినది ఏమనగా, గెన్నాదియస్ కలను ఏలలేదు, ఎగరలేదు, నిధులు వెదకలేదు. ఒక ప్రశ్నకు నిజమైన జవాబు చెప్పాడు. క్రైస్తవ చరిత్రలో ఈ ఎరుక అధికారముగా గాక సత్యమును ఒప్పుకొనుటగా ప్రవేశించినది. మా వాదమంతయు ఇదే.

3. ప్రయోగశాల సాక్ష్యం

1913లో డచ్చి వైద్యుడు ఫ్రెడరిక్ వాన్ ఈడెన్ ఇట్టి కలలకు లూసిడ్ డ్రీమ్ అను పేరును ప్రచారంలోకి తెచ్చాడు. 1953లో షికాగోలో, కనురెప్పల క్రింద కన్నులు వేగంగా కదిలే నిద్రదశను కనుగొన్నారు. స్పష్టమైన కలలు ఎక్కువగా ఈ దశలోనే వస్తాయి. 1975 ఏప్రిల్ 12న ఇంగ్లాండులోని హల్ విశ్వవిద్యాలయంలో కీత్ హెర్న్ పరిశీలనలో అలన్ వర్స్‌లీ నిద్రలోనుండే, ముందు అనుకున్న ప్రకారం కన్నులు కదిపి సంకేతమిచ్చాడు. తరువాత స్టాన్‌ఫర్డ్‌లో స్టీఫెన్ లాబెర్జ్ స్వతంత్రంగా ఇదే నిరూపించి 1981లో ప్రచురించాడు. 2021లో నాలుగు దేశాల ప్రయోగశాలలు నిద్రించువారిని చిన్న లెక్కలు అడుగగా, కొందరు కల లోపలనుండే కన్నుల కదలికతో జవాబు చెప్పారు. గెన్నాదియస్ సంభాషణ చదివినవారికి ఇది మరీ వింతగా తోచదు.

4. నేర్చుకొను విధానం

మొదటిది, మేలుకొనగానే కదలక, జ్ఞాపకమున్న కలను వ్రాసికొనుట. రెండవది, పగలు పలుమార్లు ఆగి, ఇది కలా మెలకువా అని నిజంగా పరీక్షించుకొనుట. ఒక వ్రాత రెండుసార్లు చదివితే కలలో అక్షరాలు తరచుగా మారిపోవును. మూడవది, అయిదు గంటల నిద్ర తరువాత కొంతసేపు మేలుకొని, మరల పడుకొనునప్పుడు, కల వచ్చినప్పుడు అది కల అని గుర్తుంచుకొందును అని తీర్మానించుకొనుట. కన్నులు కదిలే దశలు తెల్లవారుజామున దీర్ఘమగును గనుక ఈ వేళ అనుకూలమైనది. 2017లో ఆస్ట్రేలియాలో డెన్‌హామ్ ఆస్పీ ప్రచురించిన పరిశోధనలో, ఈ పద్ధతులు కలిపి ఒక వారం సాధన చేసినవారికి సుమారు 17 శాతం రాత్రులలో ఎరుక కలిగినది. కనుక ప్రారంభకులు త్వరపడి నిరాశపడనక్కరలేదు. ఎరుక కలుగగానే ఉద్రేకపడితే కల చెదరిపోవును. నెమ్మదిగా ఉండి, చేతులు రుద్దుకొనుచు నిలుచుట మేలని సాధకులు చెప్పుదురు.

5. కాపరి వివేచన

హద్దులు స్పష్టముగా చెప్పవలెను. నిద్ర చెడగొట్టుకొని చేసే సాధన హానికరము. వాస్తవమును గుర్తించుటలో మానసిక రుగ్మత వలన ఇబ్బందిపడేవారు దీని జోలికి పోక వైద్యుని సంప్రదించవలెను. తాను మలచుకొనిన కలను ప్రవచనమని సంఘంలో ప్రకటించుట తగదు. స్వప్నములు చెప్పే ప్రవక్తలను గూర్చి యిర్మీయా 23వ అధ్యాయం చాలినంత హెచ్చరించినది.

అయితే భయంకర స్వప్నాల మాట వేరు. యోబు 7వ అధ్యాయంలో పడక కూడా ఆదరణ ఇవ్వలేదని అతడు మొరపెట్టుకున్నాడు. ఆ మొర మా రైతుది కూడా. 2006లో నెదర్లాండ్స్‌లో 23 మందితో జరిగిన చిన్న పరిశోధనలో ఈ శిక్షణ పొందినవారికి పీడకలలు తగ్గినవి. తగ్గుటకు కలలో ఎరుక తప్పనిసరి కాలేదు. కలను మెలకువలో ధైర్యంగా ఎదుర్కొనుటయే కొంత మేలు చేసినట్లున్నది.

మేము ఆ రైతును మరల పిలిచి, కలను మొదటినుండి చివరివరకు చెప్పించుకున్నాము. అతని కుమార్తె దానిని వ్రాసినది. దుమ్ము లేచినప్పుడు ఏమి అడుగవలెనో రోజూ పడుకొనేముందు ప్రార్థనతో కలిపి జ్ఞాపకం చేసికొమ్మన్నాము. కొన్ని వారాల తరువాత అతడు, "దుమ్ము లేచిందయ్యగారూ, ఇది నేను చెప్పిన కలే కదా అనుకున్నా, పరుగెత్తలేదు, నిలబడినా" అన్నాడు. కల పూర్తిగా పోలేదు, అప్పూ తీరలేదు. అప్పు సంగతి మాట్లాడుటకు సంఘపెద్దలు అతనితో కూర్చొనవలసి వచ్చినది. ఆ పని ఏ కలా చేయదు.

ముగింపు

సగటున ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వర్షం మాత్రమే పడే ఈ నేలలో రైతు రాత్రులు కూడా కరువుతో నిండియుండును. కలకు భావం చెప్పుమని వచ్చినవానితో కాపరి మొదట, ఆ కలలో నీవు ఏమి చేసితివి అని అడుగుట నేర్చుకొనవలెను. విద్యార్థిని కూడా మేము పిలిచి, మా మొదటి జవాబు తప్పు అని ఒప్పుకొని, గెన్నాదియస్ కథ చెప్పాము. ఇప్పుడతడు ఒక నోటు పుస్తకం పెట్టుకున్నాడు.