ప్రోటీన్ల గ్లైకోసైలేషన్

కణం తయారుచేసిన ప్రోటీన్లకు చక్కెర అణువులు తగిలించే ప్రక్రియ గ్లైకోసైలేషన్. కణం నుంచి స్రవించే ప్రోటీన్లలోనూ, కణత్వచంలో నిలిచిపోయే వాటిలోనూ చాలావాటికి ఈ చక్కెరలు ఉంటాయి. పని అంతర్జీవద్రవ్య జాలంలో మొదలై గాల్జీ సంక్లిష్టంలో పూర్తవుతుంది.

ప్రధానమైన రకంలో చక్కెరలను ప్రోటీన్ మీద ఒక్కొక్కటిగా పేర్చడం ఉండదు. జాలం పొరలోని డోలికాల్ అనే కొవ్వు అణువు మీద 14 చక్కెరల కొమ్మ ముందే సిద్ధమవుతుంది: 2 ఎన్-అసిటైల్ గ్లూకోసమిన్లు, 9 మానోజ్‌లు, 3 గ్లూకోజ్‌లు. ప్రోటీన్ గొలుసు రైబోసోము నుంచి ఇంకా జాలంలోకి జారుతుండగానే ఒక ఎంజైమ్ ఆ కొమ్మనంతా ఒక్కసారిగా ఆస్పరజిన్ అనే అమైనో ఆమ్లానికి అతికిస్తుంది. ప్రతి ఆస్పరజిన్‌కూ కాదు. దాని తర్వాత ఒకటి విడిచి సెరిన్ గానీ థ్రియోనిన్ గానీ ఉండాలి; మధ్యలోది ప్రోలిన్ కాకూడదు.

అతికించీ అతికించగానే గ్లూకోజ్‌ల తొలగింపు మొదలవుతుంది. ఇది వృథా శ్రమలా కనిపిస్తుంది గానీ, ఈ ప్రక్రియ మొత్తంలో అద్భుతమైన ఘట్టం ఇదే. రెండు పోయి ఒక్క గ్లూకోజ్ మిగిలినప్పుడు కాల్‌నెక్సిన్, కాల్‌రెటిక్యులిన్ అనే సహాయక ప్రోటీన్లు దాన్ని పట్టుకుని, గొలుసు సరిగ్గా మడత పడేలా చూస్తాయి. ఆ చివరి గ్లూకోజూ ఊడితే ప్రోటీన్‌కు విడుదల. మడత కుదరలేదా, మరో ఎంజైమ్ అది పసిగట్టి, ఒక గ్లూకోజ్‌ను మళ్లీ తగిలించి వెనక్కి పంపుతుంది. ఎన్నిసార్లు తిరిగినా కుదరని ప్రోటీన్ మీద మానోజ్‌లు మెల్లగా తెగిపోతూ వస్తాయి. దానికి ఇచ్చిన గడువు తీరిందనడానికి అదే గుర్తు. అప్పుడు దాన్ని కణద్రవ్యంలోకి నెట్టేస్తే ప్రోటియాసోమ్ ముక్కలు చేస్తుంది.

కామిల్లో గాల్జీ 1898లో నాడీకణాల్లో గుర్తించిన పొరల దొంతరలో, అంటే గాల్జీ సంక్లిష్టంలో, మడత కుదిరిన ప్రోటీన్ల మీది కొమ్మకు తుదిరూపం వస్తుంది. మానోజ్‌లు కొన్ని తొలగి, గాలక్టోజ్, సియాలిక్ ఆమ్లం వంటివి చేరతాయి. శ్లేష్మానికి జిగురునిచ్చే మ్యూసిన్ల సెరిన్, థ్రియోనిన్‌లకు చక్కెరలు తగిలేదీ ఇక్కడే. లైసోసోములకు చేరాల్సిన ఎంజైములకు మానోజ్-6-ఫాస్ఫేట్ చిరునామా అవుతుంది. ఆ ముద్ర పడకపోతే అవి దారితప్పి కణం బయటికి పోతాయి. అరగని పదార్థంతో లైసోసోములు నిండిపోతాయి. పసిపిల్లల్లో కనిపించే ఐ-సెల్ వ్యాధికి కారణం ఇదే.

మన ఎ, బి, ఓ రక్తం గ్రూపులు కూడా గాల్జీలో తయారైన చక్కెర గొలుసుల తేడాలే. హెచ్ అనే మూల గొలుసుకు ఎన్-అసిటైల్ గాలక్టోసమిన్ చేరితే ఎ, గాలక్టోజ్ చేరితే బి, ఏదీ చేరకపోతే ఓ. హెచ్ గొలుసే లేనివారిని వై. ఎం. భెండే బృందం 1952లో బొంబాయిలో గుర్తించింది. ఆ బాంబే గ్రూపువారికి ఓ గ్రూపు రక్తం కూడా పడదు.

చక్కెరలు ఉన్న ప్రోటీన్లకూ లేనివాటికీ ఉన్న తేడా మందుల తయారీలో స్పష్టంగా తెలుస్తుంది. చక్కెరలు అవసరం లేని ఇన్సులిన్‌ను బ్యాక్టీరియా చేసిపెడుతుంది. మూత్రపిండాల రోగుల రక్తహీనతకు ఇచ్చే ఎరిత్రోపోయిటిన్ బరువులో సుమారు 40 శాతం చక్కెరలే కావడంతో దాన్ని చైనీస్ హామ్‌స్టర్ అండాశయ కణాల్లో తయారుచేస్తారు. దాని కొమ్మల చివర సియాలిక్ ఆమ్లం లేకపోతే కింద ఉన్న గాలక్టోజ్ బయటపడుతుంది. కాలేయం దాన్ని గుర్తుపట్టి, మందు పనిచేసేలోపే రక్తంలోంచి లాగేసుకుంటుంది.