తిప్ప ఎత్తెంత?

గుడివాడలో మా మిత్రుడొకాయన ఆ మధ్య కొడుకుతో కలిసి మధ్యధరా సముద్రం ఒడ్డున ఏదో కొండవాలు రిసార్టులో నాలుగు రోజులుండి వచ్చాడు. వచ్చినప్పటి నుంచి ఫోన్లో ఫొటోలే. కొండను మెట్లుమెట్లుగా చెక్కి కట్టిన తెల్లటి గదులు. ప్రతి గదికీ ఓ వసారా, వసారా కింద నిమ్మతోట, దాని కింద నీలంగా సముద్రం. "మన పాలకాయతిప్పలో ఇలాంటిదొకటి ఎందుకు కట్టరంటావు?" అన్నాడు కాఫీ తాగుతూ. ముందు కొండను తేవాలి కదా అన్నాను. నవ్వేసి ఊరుకున్నాడు. నాకే ఆ మాట మనసులో ఉండిపోయింది.

మాఘమాసంలో అటు వెళ్లాను. అవనిగడ్డ దాటి కోడూరు, కోడూరు నుంచి హంసలదీవి. వేణుగోపాలస్వామికి దణ్ణం పెట్టుకుని రొయ్యల చెరువుల మధ్య నుంచి ఇంకాస్త దూరం పోతే రోడ్డు ఇసకలో కలిసిపోతుంది. ఒక పక్క మడ చెట్లు, ఎదురుగా బంగాళాఖాతం. పులిగడ్డ దగ్గర రెండుగా చీలి దివిసీమను నడిమిన పెట్టుకున్న కృష్ణమ్మ సముద్రంలో కలిసేది ఈ చుట్టుపక్కలే. కాకిలా నల్లబడిన గంగ ఇక్కడ మునిగి హంసలా తేలిందని కథ. దాన్నిబట్టే ఊరికి హంసలదీవి అని పేరు. మాఘ పౌర్ణమికి బళ్లు, ట్రాక్టర్లు, ఆటోలు కట్టుకుని జనం వస్తారు. మునుగుతారు, పులిహోర పొట్లాలు విప్పుతారు, పొద్దువాలితే తిరుగుముఖం పడతారు. అలలు చూస్తూ నిద్రపోదామని ఎవరూ రారు. రాత్రి ఉండడానికి గది ఏదైనా దొరుకుతుందా అని టీ కొట్టు దగ్గర అడిగితే, బెంచీ మీదున్న ఓ పెద్దాయన నన్ను ఎగాదిగా చూశాడు.

"రాత్రుండి ఏం చేస్తారండీ? సముద్రం ఎక్కడికీ పోదు. పొద్దున్నే రండి."

తిప్ప అంటే ఎత్తయిన ఇసకమేట. ఈ చివరి ఊళ్ల పేర్లు వింటే నేల ఎత్తుపల్లాల లెక్క చదివినట్టే ఉంటుంది. పాలకాయతిప్ప, ఈలచెట్లదిబ్బ, గుల్లలమోద, సొర్లగొంది, ఇక లంకలకైతే అంతే లేదు. కొండ ప్రాంతం వాడు నవ్వుకునేంత చిన్న ఎత్తులకు కూడా మనవాళ్లు విడివిడిగా పేర్లు పెట్టుకున్నారు. పోటు వచ్చినప్పుడు నీళ్లెక్కని జానెడు నేలకు, ఎక్కే నేలకు మధ్య తేడా ఇక్కడ సంసారానికి సంబంధించిన విషయం. మిత్రుడి రిసార్టులో ఎత్తున్న గదికి అద్దె ఎక్కువట. ఇక్కడ ఎత్తుకు వెల కట్టినవాళ్లు లేరు. కానీ ఎత్తు కోసం, మంచి గాలి కోసం ఈ తీరం వదిలి పరుగెత్తినవాళ్ల చరిత్ర మాత్రం చాలా పెద్దది.

అది బందరులో మొదలవుతుంది. 1605లో డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లీషువాళ్లు, 1669లో ఫ్రెంచివాళ్లు మచిలీపట్నంలో కోఠీలు తెరిచారు. అద్దకం బట్ట కోసం వచ్చినవాళ్లకు ఊరు నచ్చింది గానీ, నీరూ గాలీ ఒంటికి పడలేదు. చుట్టూ చిత్తడి. కోట నుంచి ఊళ్లోకి రావాలంటే బురద మీద కట్టిన పొడవాటి కొయ్య వంతెనే దిక్కు. డచ్చివాళ్ల సమాధుల తోట ఇప్పటికీ బందరులో ఉంది, పురావస్తు శాఖ సంరక్షణలో. ఆ రాళ్ల మధ్య కాసేపు తిరిగితే ఈ గాలి గురించి వాళ్లెందుకంత భయపడ్డారో తెలుస్తుంది.

1673లో జాన్ ఫ్రయర్ అనే ఇంగ్లీషు వైద్యుడు బందరులో ఓడ దిగాడు. ఇక్కడి అనారోగ్యానికి వెరచి కంపెనీ వాళ్లు ఉత్తరాన నలభై మైళ్ల దూరంలోని మడపొలంలో కాపురముంటారని, అక్కడి గాలి మేలని తన యాత్రా గ్రంథంలో రాసిపెట్టాడు. మడపొలం అంటే నరసాపురం దగ్గరి మాధవాయిపాలెం, గోదావరి ఒడ్డు. అక్కడా కొండ లేదు. కానీ తియ్యటి నీళ్లున్న నది ఉంది. మన డెల్టాలో గాలిమార్పు కోసం బస మార్చిన మొదటి విలాసపురుషులు వీళ్లేనేమో అని నాకనిపిస్తుంది. విలాసమంటే మరీ ఎక్కువ చేసి చెప్పడమే, బతికి ఉండాలన్న ఆరాటం అది.

ఆ ఊరి పేరు తమాషాగా లోకమంతా తిరిగింది. అక్కడి కోఠీ నుంచి ఎగుమతైన మెత్తటి తెల్ల నూలుబట్టకు ఊరి పేరే నిలిచిపోయింది. ఫ్రెంచి, ఇటాలియన్, స్పానిష్ భాషల నిఘంటువుల్లో నేటికీ మడపొలం అంటే ఒక రకం నూలుబట్ట. మధ్యధరా చుట్టూ ఉన్న భాషలే ఇవన్నీ. కొండవాలు హోటళ్లలో పక్కల మీద పరిచిన దుప్పట్లలో ఏదో ఒకటి మా నరసాపురం పేరు మోస్తూనే ఉండి ఉంటుందని నా ఊహ. ఊహే, ఆధారం అడక్కండి.

తరవాత తరం తెల్లదొరలకు నదీ చాలలేదు. 1819లో కోయంబత్తూరు కలెక్టరు జాన్ సల్లివన్ నీలగిరులెక్కాడు. అక్కణ్నుంచి ఊటీ మొదలైంది. సముద్రమూ కొండా రెండూ కావాలనుకున్నవాళ్లు విశాఖ పక్కన వాల్తేరు మిట్టల మీద బంగళాలు కట్టుకున్నారు. తెలుగు నేల మీద మా మిత్రుడి ఫొటోలకు పోలికంటూ ఉంటే అది ఆ వాల్తేరు, రుషికొండ, భీమిలి వరసే. అక్కడ కొండలు సముద్రంలోకి కాళ్లు చాపుకుని కూర్చుంటాయి. కృష్ణా డెల్టాలో ఆ భాగ్యం లేదు. నది తెచ్చిన ఒండ్రు మీద, నది దయ మీద ఉన్న ఊళ్లు మావి.

అదే కాలంలో ఐరోపాలో మధ్యధరా తీరానికీ దశ తిరిగింది. ఆ కథలోనూ మొదట ఉన్నది రోగమే. 1834లో బ్రూమ్ ప్రభువు అనే ఇంగ్లీషు రాజకీయవేత్త ఇటలీ వెళ్తుంటే కలరా భయంతో సరిహద్దు దగ్గర ఆపేశారు. చేసేది లేక కాన్ అనే చిన్న బెస్తపల్లెలో దిగాడు. ఊరు నచ్చింది, అక్కడే ఇల్లు కట్టాడు. వెనకాలే దొరలు, ఆ వెనక క్షయరోగులు, వాళ్లను పంపే డాక్టర్లు. మనం గమనించాల్సిందొకటుంది. అప్పట్లో అక్కడి సీజను వేసవి కాదు, చలికాలం. ఎండాకాలం వస్తే హోటళ్లు మూసేసేవారు. మన మాఘస్నానాలూ ఆ రోజుల్లోనే. కాకపోతే మనవాళ్లు ఒక్క మునకతో పని ముగించుకుని ఇంటికొచ్చేవారు.

అలాంటి ఒక కొండ హోటల్లో 1912లో ఇద్దరు తెలుగు పిల్లలు నెలల తరబడి ఉన్నారు. మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి, తమ్ముడు నిత్యానంద. అన్నకు పదహారు నిండాయి, తమ్ముడికి పద్నాలుగు నిండబోతున్నాయి. ఊరు సిసిలీ ద్వీపంలోని తావోర్మీనా. సముద్రానికి రెండు వందల మీటర్ల ఎత్తున, కొండ భుజం మీద ఉంటుంది. ఒక పక్క పాత గ్రీకు రంగస్థలం, దాని వెనక మంచు తలపాగాతో ఎట్నా అగ్నిపర్వతం, కింద అయోనియన్ సముద్రం. రైలు దిగేది కింద ఒడ్డున, జార్దీనీ అనే బెస్తల ఊళ్లో. అక్కణ్నుంచి మెలికల దారిలో బళ్ల మీద పైకెక్కాలి. అప్పటికే అక్కడ ఒక పాత మఠాన్ని పెద్ద హోటలుగా మార్చారు, జర్మన్లూ ఇంగ్లీషువాళ్లూ చలికాలమంతా తిష్ఠ వేసేవారు. మనవాళ్లు దిగింది నౌమాకియా హోటల్లో.

వాళ్లు విహారానికి వెళ్లారనుకుంటే పొరపాటు. తండ్రి నారాయణయ్య రెవెన్యూ శాఖలో పనిచేసి రిటైరై, అడయారులో దివ్యజ్ఞాన సమాజంలో గుమాస్తాగిరీకి చేరిన మనిషి. 1910లో పిల్లల సంరక్షణను సమాజం అధ్యక్షురాలు అనీబిసెంటుకు రాసిచ్చాడు. పెద్దవాణ్ని రాబోయే జగద్గురువు అని సమాజం ప్రకటించుకుంది. అయితే ఆ కుర్రాణ్ని గుర్తించిన సమాజం పెద్ద లెడ్‌బీటర్ మీద తండ్రికి మొదటి నుంచీ అనుమానమే. 1912 జనవరికి అది కోర్టుకెక్కుతానన్నదాకా వచ్చింది. చదువు కోసం ఇంగ్లండుకు అంటే ఒప్పుకున్నాడు. ఫిబ్రవరిలో బిసెంటు పిల్లల్ని ఓడెక్కించింది. మార్చి చివరికల్లా వాళ్లు సిసిలీ కొండ మీద లెడ్‌బీటర్ దగ్గర ఉన్నారు. తండ్రి ఎవరికి దూరంగా ఉంచమన్నాడో ఆయన దగ్గరే! మే 1న అక్కడే కృష్ణమూర్తికి రెండో దీక్ష, తమ్ముడికి మొదటి దీక్ష అయ్యాయని సమాజం వాళ్ల లెక్క. దాదాపు నాలుగు నెలలు ఆ కొండ మీద గడిచాయి.

ఆ అక్టోబరులో నారాయణయ్య దావా వేశాడు, 1913లో మద్రాసు హైకోర్టులో గెలిచాడు. 1914లో లండన్ ప్రీవీ కౌన్సిల్ దాన్ని తిరగేసింది. పిల్లలు ఆయనకు దక్కలేదు. ఈ కథను ఎవరి వైపు నుంచి చెప్పినా ఆ హోటలు వసారాలో కూర్చున్న పద్నాలుగేళ్ల పిల్లవాడి ముఖం నాకు కనబడుతూనే ఉంటుంది. అంత నీలి సముద్రం ఎదురుగా ఉన్నా, అమ్మ లేని పిల్లలు. మదనపల్లెలో తిన్న గోంగూర పచ్చడి గుర్తొచ్చిందో లేదో ఎవరూ రాయలేదు. నిత్యకు తరవాత క్షయ వచ్చింది. ఏ గాలి కోసం లోకమంతా ఊళ్లు వెతుక్కుంటూ తిరిగిందో ఆ గాలి అతనికి ఎక్కడా పనిచేయలేదు. 1925 నవంబరులో కాలిఫోర్నియాలో పోయాడు. మధ్యధరా దాటి సూయజ్ కాలువలోకి వెళ్తున్న ఓడలో అన్నకు తంతి అందింది. విచిత్రమేమంటే వాళ్లు పుట్టిన మదనపల్లె పక్కనే 1915లో క్షయరోగులకు ఆరోగ్యవరం ఆసుపత్రి తెరిచారు, అక్కడి పొడిగాలిని నమ్ముకుని.

తావోర్మీనా గురించి మరో సంగతి చెప్పకపోతే మళ్లీ పాలకాయతిప్పకు రాలేను. ఆ పిల్లలు వెళ్లడానికి మూడేళ్ల ముందు, 1908 డిసెంబరు 28 తెల్లవారుజామున, అక్కడికి దగ్గరలోని మెస్సీనాలో పెద్ద భూకంపం వచ్చింది. వెంటనే సముద్రం లేచింది. డెబ్బై ఎనభై వేలమంది పోయారని అంచనా. అలలు జార్దీనీ ఒడ్డునూ కొట్టాయి. పైనున్న తావోర్మీనాను నీళ్లు తాకలేదు. రెండు వందల మీటర్ల ఎత్తు, అంతే తేడా. కింద పడవలు పోగొట్టుకున్నవాళ్లూ, పైన కిటికీ తెరిచి చూసినవాళ్లూ పక్కపక్క ఊళ్ల మనుషులే.

మాకా పైన అనేది లేదు. 1864 నవంబరు 1 రాత్రి బందరు మీదకు ఉప్పెన వచ్చింది. ముప్ఫై వేలమంది పోయారని గెజెటీర్లు రాశాయి. కోటలో ఉన్న దొరకూ, చిలకలపూడిలో ఉన్న కూలికీ ఆ రాత్రి దొరికిన ఎత్తు ఒక్కటే, మేడ ఉన్నవాడికి మేడ, లేనివాడికి చెట్టు. నూట పదమూడేళ్ల తరవాత 1977 నవంబరు 19, శనివారం. దివిసీమ. పోయినవాళ్లు పదివేలకు పైనే. సొర్లగొంది లాంటి ఊళ్లు పేరుకే మిగిలాయి. బతికినవాళ్లు తాటిచెట్లు పట్టుకుని, తుమ్మకంపల్లో చిక్కుకుని బతికారు. మా ఇళ్లల్లో నవంబరు పందొమ్మిది అని తేదీ చెప్పం. ఉప్పెన అంటాం, అంతే. ఫలానా పెళ్లి ఉప్పెనకు ముందు, ఫలానావాడు ఉప్పెన తరవాత పుట్టాడు.

మధ్యధరాలో పోటూ పాటూ దాదాపు తెలియవు. అందుకే అక్కడ అలకు అరగజం ఎత్తున కుర్చీ వేసుకుని భోంచేయగలరు. మన దగ్గర రోజుకు రెండుసార్లు సముద్రం ముందుకొచ్చి వెనక్కి పోతుంది. అది తన హద్దు తనే గీసుకుంటుంది, మనం దాని వెనకాల కొలుచుకోవాలి. ఆ హద్దులో మడ అడవి ఉంది. చేపలు పట్టే బావురుపిల్లి ఉంది, మండపీతలున్నాయి. చలికాలం చివర్లో తాబేళ్లు ఇసకలోకి వచ్చి గుడ్లు పెట్టి పోతాయి. పాలకాయతిప్పలో రాత్రి బస చేసే అసలైన అతిథులు వాళ్లే. అద్దె కూడా ఇవ్వరు.

తిరిగి వస్తూ టీ కొట్టు పెద్దాయనకు తావోర్మీనా సంగతి చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. ఎంత ఎత్తన్నారు అని రెండోసారి అడిగాడు. రెండు వందల మీటర్లన్నాను.

"మీటర్లంటే?"

"ఆరు వందల అడుగుల పైన."

కాసేపు మాట్లాడలేదు. "ఉప్పెనకు మా నాన్న తాటిచెట్టు మీద ఉన్నాడండీ, రాత్రంతా," అన్నాడు. "అదే పెద్ద ఎత్తు మాకు." తరవాత లేచి, రోడ్డు పక్కనున్న తుపాను షెల్టరు చూపించాడు. స్తంభాల మీద నిలబెట్టిన కాంక్రీటు మేడ. పైకెళ్లి చూడమన్నాడు, అక్కణ్నుంచి సముద్రం బాగా కనిపిస్తుందట. మెట్లెక్కాను. పైన ఎవరో గోనెసంచులు పరిచి మెత్తళ్లు ఆరబెట్టారు. ఒక పిల్లాడు కర్రతో కాకుల్ని తోలుతూ కూర్చున్నాడు. నన్ను చూసి, చేపలు తొక్కకుండా నడవమన్నాడు.