విదేశీ జైళ్లలో తెలుగువారు: చట్టసభల దౌత్యం

విదేశంలో జైలు పాలైన పౌరుణ్ణి విడిపించడానికి ఎంపీలు, ఎమ్మెల్యేలు సభలోనూ సభ బయటా చేసే ప్రయత్నాలను చట్టసభల దౌత్యం లేదా పార్లమెంటరీ దౌత్యంలో ఒక భాగంగా చూడవచ్చు. మాట కొంచెం పెద్దదే. రాజ్యాంగం ఏడో షెడ్యూలులో విదేశీ వ్యవహారాలు, దౌత్య ప్రాతినిధ్యం కేంద్ర జాబితాలోనే ఉన్నాయి. పరాయి దేశపు జైలు గేటు దగ్గర మన ఎంపీకి ఏ హోదా ఉండదు, ఎమ్మెల్యే సంగతి చెప్పనే అక్కర్లేదు. అయినా గత ఇరవై ఏళ్లలో దుబాయ్, కరాచీ జైళ్ల నుంచి ఇంటికి చేరిన తెలుగువారి కథల్లో ఎక్కడో ఒకచోట ఒక ప్రజాప్రతినిధి సంతకం కనిపిస్తుంది.

చట్టం ఇచ్చిన ఆధారం

1963 నాటి వియన్నా కాన్సులర్ సంబంధాల ఒప్పందంలోని 36వ అధికరణం ఈ పనికంతటికీ మూలం. విదేశీయుణ్ణి నిర్బంధించినప్పుడు, అతను కోరితే ఆ సంగతి అతని దేశపు రాయబార కార్యాలయానికి ఆలస్యం లేకుండా తెలియజేయాలి. కాన్సులర్ అధికారి వచ్చి కలవవచ్చు, న్యాయవాదిని ఏర్పాటు చేయవచ్చు. 2003లో భారత్ ఖైదీల స్వదేశాగమన చట్టం చేసింది. ఒప్పందం ఉన్న దేశంలో శిక్ష పడితే, మిగిలిన శిక్షను సొంత దేశంలో అనుభవించే వీలు దానివల్ల కలిగింది. అయితే మన కూలీలకు ఈ చట్టం అక్కరకు రావడం అరుదు. వాళ్ల చిక్కు ఎక్కువగా శిక్షకు ముందో, శిక్ష ముగిశాకో వస్తుంది.

పాకిస్తాన్‌తో వేరే ఏర్పాటు ఉంది. 2008 మే 21న కుదిరిన కాన్సులర్ ఒప్పందం ప్రకారం రెండు దేశాలూ తమ జైళ్లలో ఉన్న ఎదుటి దేశస్థుల జాబితాలను ఏటా జనవరి 1న, జులై 1న ఇచ్చిపుచ్చుకోవాలి. జాతీయత నిర్ధారణ అయి, శిక్ష పూర్తయిన నెలలోపు మనిషిని పంపేయాలి. ‘జాతీయత నిర్ధారణ’ అన్న రెండు మాటల దగ్గరే నెలలు గడిచిపోతుంటాయి.

సభలో ఉన్న దారులు

ఎంపీ చేతిలో ఉన్న మొదటి సాధనం ప్రశ్న. లోక్‌సభలో రోజుకు 20 నక్షత్ర ప్రశ్నలు, 230 నక్షత్రం లేని ప్రశ్నలు తీసుకుంటారు. నోటీసు 15 రోజుల ముందే ఇవ్వాలి. కాబట్టి నిన్న అరెస్టయినవాడి కోసం రేపు ప్రశ్న వేయడం కుదరదు. తొందరగా తేలాల్సిన విషయమైతే జీరో అవర్‌లో లేవనెత్తుతారు, లేదా లోక్‌సభలో 377 నిబంధన కింద, రాజ్యసభలో ప్రత్యేక ప్రస్తావన కింద చదివి వినిపిస్తారు. వీటన్నిటికన్నా ఎక్కువగా వాడేది మాత్రం లెటర్‌హెడ్ మీద విదేశాంగ మంత్రికి రాసే ఉత్తరం. రికార్డుల్లో తక్కువగా కనిపించేదీ అదే.

ఇలాంటి ప్రశ్నలకు విదేశాంగ శాఖ సమాధానాలు చదివినవారికి ఒక పేరా కంఠతా వచ్చేస్తుంది. చాలా దేశాల్లో గోప్యతా చట్టాలు కఠినంగా ఉన్నందున, ఖైదీ ఒప్పుకుంటే తప్ప అక్కడి అధికారులు వివరాలు ఇవ్వరని అందులో ఉంటుంది. అయినా లెక్కలు బయటికి వచ్చేది ఈ సమాధానాల్లోనే. 2025 మార్చిలో రాజ్యసభకు ఇచ్చిన వివరాల ప్రకారం విచారణ ఖైదీలతో కలిపి 10,152 మంది భారతీయులు విదేశీ జైళ్లలో ఉన్నారు. సౌదీ అరేబియాలో 2,633 మంది, యూఏఈలో 2,518 మంది. అంటే సగం మంది ఈ రెండు దేశాల్లోనే.

సిరిసిల్ల నుంచి దుబాయ్, మధ్యలో నేపాల్

2005లో దుబాయ్‌లో ఒక నేపాలీ వాచ్‌మన్ హత్యకు గురయ్యాడు. ఆ కేసులో సిరిసిల్ల ప్రాంతం నుంచి కూలికి వెళ్లిన ఐదుగురికి శిక్ష పడింది. మొదట పదేళ్లు వేశారు, పై కోర్టుకు వెళ్తే అది యావజ్జీవమైంది. అప్పీలుకు వెళ్లి శిక్ష పెంచుకున్నట్టయింది.

యూఏఈ చట్టంలో హతుడి వారసులు క్షమిస్తే శిక్ష తగ్గే వీలుంది. పరిహారంగా ఇచ్చే సొమ్మును ‘దియా’ అంటారు, గల్ఫ్ వలస ఊళ్లలో ఈ మాట తెలియనివారు తక్కువ. అయితే ఇక్కడ వారసులున్నది దుబాయ్‌లో కాదు, నేపాల్‌లో. సిరిసిల్ల ఎమ్మెల్యే కె.తారకరామారావు 2011లో నేపాల్ వెళ్లి ఆ కుటుంబాన్ని కలిశారు, 15 లక్షల రూపాయల పరిహారం అందజేసి క్షమాభిక్ష పత్రాల మీద సంతకాలు తీసుకున్నారు. అప్పటికి ఆయన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రతిపక్ష ఎమ్మెల్యే. చేతిలో ప్రభుత్వ పదవి గానీ దౌత్య హోదా గానీ లేవు. మనిషిని పోగొట్టుకున్న ఇంటి గడపలో కూర్చుని అడగాల్సిన పని అది. ఏ రాయబారి ఉద్యోగ విధుల్లోనూ అది రాసి ఉండదు.

కథ అక్కడితో ముగిసిందనుకుంటే పొరపాటు. వారసుల క్షమ ఒక్కటే చాలదు, ప్రభుత్వం తరఫు హక్కు వేరుగా ఉంటుంది. నేరం తీవ్రతను చూపి అక్కడి కోర్టులు అర్జీలను తోసిపుచ్చుతూ వచ్చాయి. 2014లో తెలంగాణ ఏర్పడింది, ఎమ్మెల్యే మంత్రి అయ్యారు, దుబాయ్ వెళ్లినప్పుడల్లా న్యాయవాదులతో, కాన్సులేట్‌తో మాట్లాడుతూ వచ్చారు. చివరికి 2024 ఫిబ్రవరిలో ఖైదీల్లో కొందరు శంషాబాద్ విమానాశ్రయంలో దిగేనాటికి 18 ఏళ్లు దాటాయి. వాళ్లు వెళ్లేటప్పుడు చంకలో ఉన్న పిల్లలకు పెళ్లీడు వచ్చింది. నేపాల్ వెళ్లిన రోజు ప్రతిపక్షంలో ఉన్న ఎమ్మెల్యే, వాళ్లు తిరిగొచ్చిన రోజుకు మళ్లీ ప్రతిపక్షంలోనే ఉన్నారు. ఈ కేసు విషయంలో పదవి ఎంత పనిచేసిందో, పట్టుదల ఎంత పనిచేసిందో పాఠకులే లెక్క వేసుకోవచ్చు.

మత్స్యలేశం నుంచి కరాచీ

శ్రీకాకుళం తీరాన మత్స్యలేశం పేరున్న ఊళ్లవాళ్లు, పక్కనే విజయనగరం జిల్లా మత్స్యకారులు ఏటా ఆగస్టులో గుజరాత్‌లోని వేరావల్‌కు బయల్దేరతారు. పశ్చిమ తీరంలో వేట నిషేధం జూన్, జులై నెలల్లో. అది ముగియగానే బోట్లు కదులుతాయి. సొంత తీరంలో పెద్ద బోట్లు ఆగే జెట్టీలు లేకపోవడమే ఈ వలసకు పెద్ద కారణం. బోటును నడిపించే పెద్దను తండేలు అంటారు. వల ఎక్కడ వేయాలో, ఎప్పుడు వెనక్కి తిప్పాలో అతని మాటే మాట.

2018 నవంబర్ చివర్లో పాకిస్తాన్ మారిటైమ్ సెక్యూరిటీ ఏజెన్సీ గుజరాత్ జలాల దగ్గర ఆంధ్ర మత్స్యకారులు 22 మందిని పట్టుకుంది. సర్ క్రీక్ దగ్గర సరిహద్దు రెండు దేశాల మధ్య ఇప్పటికీ తేలలేదు. నీటి మీద గీత ఎవరికీ కనిపించదు, రాత్రిపూట చేపల గుంపు వెంట పడినవాడికి అసలే కనిపించదు. వాళ్లను కరాచీలోని లాండీ జైల్లో పెట్టారు.

అప్పటికి ప్రతిపక్ష నేత వైఎస్ జగన్‌మోహన్ రెడ్డి పాదయాత్ర ఉత్తరాంధ్రలో ఉంది. జైలుపాలైనవారి కుటుంబాలు దారిలో ఆయన్ను కలిశాయి. ఉన్న ప్రభుత్వానికీ అర్జీలు వెళ్లాయి, రాబోయే ప్రభుత్వానికీ వెళ్లాయి. కుటుంబాలకు పార్టీలతో పని లేదు, తలుపు ఎవరు తీస్తే వాళ్ల గుమ్మం ఎక్కుతారు.

దిల్లీలో ఫైలు కదిలేలోపే 2019 ఫిబ్రవరి 14న పుల్వామా దాడి జరిగింది, 26న బాలాకోట్‌పై భారత్ వైమానిక దాడి. అంతటి వేడిలోనూ ఏప్రిల్‌లో పాకిస్తాన్ 360 మంది భారత ఖైదీలను విడతలవారీగా వదిలింది. వారిలో ఎక్కువమంది మత్స్యకారులే, కానీ ఈ 22 మంది ఆ జాబితాలో లేరు. ఆగస్టు 5న జమ్మూ కశ్మీర్ ప్రత్యేక హోదాకు చెందిన 370వ అధికరణంపై నిర్ణయం వచ్చింది. పాకిస్తాన్ మన హైకమిషనర్‌ను వెనక్కి పంపించేసింది. హైకమిషనరే లేని చోట ఒక జాలరి కోసం ఎవరు మాట్లాడతారని మత్స్యలేశం ఊళ్లలో అడిగినవారికి జవాబు చెప్పగలిగినవాళ్లు లేరు.

ఈ వ్యవధిలో జరిగిందంతా కాగితాల పనే. జైల్లో ఉన్నవాడు ఫలానా ఊరివాడేనని అతని సొంత జిల్లా రెవెన్యూ, పోలీసు అధికారులు ధ్రువీకరించాలి. ఆధార్, రేషన్ కార్డు, ఓటరు గుర్తింపు కార్డు, వాటిలో పేరు అక్షరాలు ఒకదానితో ఒకటి సరిపోవాలి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక ఉంటే మళ్లీ మొదటికొస్తుంది. మీడియాలో కనిపించిన ఉత్తరాలకన్నా ఈ కాగితాల వెంట పడినవారి పనే ఎక్కువ ఫలితమిచ్చిందని ఈ కేసు చూసినవారికి అనిపిస్తుంది.

2020 జనవరి 1న జాబితాలు చేతులు మారాయి. పాకిస్తాన్ ఇచ్చిన జాబితాలో 55 మంది పౌరులు, 227 మంది మత్స్యకారులు. ఐదు రోజుల తర్వాత, జనవరి 6న, వాఘా సరిహద్దు దగ్గర 20 మంది ఆంధ్ర మత్స్యకారులు ఇటువైపు అడుగుపెట్టారు. రాష్ట్ర మంత్రి మోపిదేవి వెంకటరమణ అక్కడికి వెళ్లి వాళ్లను తీసుకొచ్చారు. జనవరి 8న వాళ్లు అప్పటికి ముఖ్యమంత్రి అయిన జగన్‌ను కలిశారు. ఒక్కొక్కరికి 5 లక్షల రూపాయల సాయం అందింది. మిగిలిన ఇద్దరు కాగితాలు పూర్తికాక వెనకబడ్డారు. ఈ సంఘటన ఆధారంగా చందు మొండేటి దర్శకత్వంలో వచ్చిన ‘తండేల్’ సినిమా 2025 ఫిబ్రవరి 7న విడుదలైంది. తండేలు అనే మాట చాలామంది ప్రేక్షకులకు దానితోనే పరిచయమైంది.

అమెరికా, ఖతర్

విద్యార్థుల కేసులు వేరే రకం. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ యూనివర్సిటీ మూతపడినప్పుడు అక్కడి విద్యార్థుల్లో అధికభాగం ఆంధ్రప్రదేశ్‌వారే. కొందరి కాళ్లకు రేడియో పట్టీలు తగిలించడం దేశమంతా దుమారం రేపింది. విదేశాంగ మంత్రి ఎస్.ఎం.కృష్ణ బహిరంగంగా అభ్యంతరం చెప్పారు. 2019 జనవరిలో ఫార్మింగ్టన్ కేసు వచ్చింది. అమెరికా అధికారులే వలపన్ని నడిపిన ఉత్తుత్తి యూనివర్సిటీ అది. అరెస్టయిన 130 మందిలో 129 మంది భారతీయులు, వారిలో చాలామంది తెలుగువారు. దిల్లీలోని అమెరికా రాయబార కార్యాలయానికి భారత్ ఫిబ్రవరి 2న నిరసన పత్రం ఇచ్చింది. తెలుగు సంఘాలు న్యాయవాదులను పెట్టాయి. ఆ ఏడాది చివర్లో అమెరికా సెనేటర్ ఎలిజబెత్ వారెన్ ఆ ఆపరేషన్ క్రూరమైనదని విమర్శించారు. పరాయి దేశపు చట్టసభ సభ్యురాలి నోట అలాంటి మాట రావడం కూడా చట్టసభల దౌత్యంలో భాగమే, కానీ దాన్ని ఆ లెక్కలో వేసేవాళ్లు తక్కువ.

ఖతర్‌లో 2022 ఆగస్టు 30న నిర్బంధంలోకి తీసుకున్న ఎనిమిది మంది మాజీ నౌకాదళ సిబ్బందిలో ఒకరు విశాఖపట్నం వ్యక్తి. పార్లమెంటులో అడిగినప్పుడు విదేశాంగ మంత్రి జైశంకర్ ఇది చాలా సున్నితమైన కేసు అన్నారు, అంతకు మించి విప్పలేదు. 2023 అక్టోబర్ 26న మరణశిక్ష పడింది. డిసెంబర్ 1న దుబాయ్‌లో ప్రధాని మోదీ ఖతర్ అమీర్‌ను కలిశారు. డిసెంబర్ 28న మరణశిక్ష తొలగింది, 2024 ఫిబ్రవరి 12న విడుదల వార్త వచ్చింది. ఇక్కడ సభలో గట్టిగా అడగకపోవడమే మేలు చేసిందని వాదించేవారున్నారు. ఆ వాదనలో కొంత నిజం ఉంది. కూలీ కేసుకు చప్పుడు కావాలి, గూఢచర్యం ఆరోపణల నీడ పడిన కేసుకు నిశ్శబ్దం కావాలి.

డుంబ్రిగుడ దిక్కుగా

ఇలాంటి ఆపద మన్యంలోని ఒక కుటుంబానికి వస్తే దారి ఏమిటి? అల్లూరి సీతారామరాజు జిల్లాలోని డుంబ్రిగుడ మండలం అరకులోయ అసెంబ్లీ నియోజకవర్గంలో, అరకు లోక్‌సభ స్థానం పరిధిలో ఉంది. ఈ లోక్‌సభ స్థానం 2009 ఎన్నికలతో మొదలైంది. తొలి ఎంపీ వి.కిశోర్ చంద్రదేవ్. ఆ తర్వాత కొత్తపల్లి గీత, గొడ్డేటి మాధవి, 2024లో గుమ్మ తనూజారాణి గెలిచారు. పాలకొండ నుంచి రంపచోడవరం దాకా పరుచుకున్న ఈ నియోజకవర్గంలో మూల గూడేల నుంచి ఎంపీని కలవడమే ఒక ప్రయాణం.

మొదటి మెట్టయిన ఎమ్మెల్యే లేకపోవడమంటే ఏమిటో డుంబ్రిగుడకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. 2018 సెప్టెంబర్ 23న ఈ మండలంలోని లివిటిపుట్టు దగ్గర మావోయిస్టులు ఎమ్మెల్యే కిడారి సర్వేశ్వరరావును, మాజీ ఎమ్మెల్యే సివేరి సోమను కాల్చి చంపారు. 2019 ఎన్నికల దాకా స్థానం ఖాళీగానే ఉంది. 2018 నవంబర్‌లో కిడారి కుమారుడు శ్రవణ్ కుమార్ మంత్రి అయ్యారు గానీ, ఆరు నెలల్లో సభ్యుడిగా ఎన్నిక కాలేక 2019 మేలో రాజీనామా చేశారు. మత్స్యలేశం కుటుంబాలు నాయకుల చుట్టూ తిరిగిన నెలలూ ఇవే. అదే ఆపద ఆ నెలల్లో ఒక అరకు కుటుంబానికి వచ్చి ఉంటే, మొదటి ఉత్తరం రాయడానికి ఎమ్మెల్యే ఉండేవాడు కాదు.

కొండ మీద ఇంకో రెండు చిక్కులున్నాయి. ఒకటి భాష. కాన్సులర్ అధికారి హిందీలోనో ఇంగ్లీషులోనో అడుగుతాడు, అదృష్టం ఉంటే తెలుగులో. ఇంట్లో కువి గానీ ఆదివాసీ ఒరియా గానీ మాట్లాడేవాడు తన మీద ఉన్న కేసేమిటో, తాను సంతకం పెట్టిన కాగితంలో ఏముందో రెండు భాషలు దాటి అర్థం చేసుకోవాలి. రెండోది కాగితాలు. ఇంట్లోనే కాన్పయి, జనన ధ్రువపత్రం లేని మనిషి జాతీయత నిరూపించాలంటే వీఆర్వో, తహసీల్దార్, పాడేరు కలెక్టరేట్ మూడూ కలిసి రావాలి. 2024లో ఉద్యోగాల ఆశ చూపి ఉత్తరాంధ్ర కుర్రాళ్లను కంబోడియా సైబర్ ముఠాలకు అప్పగించిన ఏజెంట్ల బాగోతాన్ని విశాఖ పోలీసులు బయటపెట్టారు. అలాంటి ఏజెంటుకు ఘాట్ రోడ్డు ఎక్కడం పెద్ద పని కాదు.

విదేశాంగ శాఖ 2015 ఫిబ్రవరిలో మొదలుపెట్టిన ‘మదద్’ పోర్టల్‌లో ఎవరైనా నేరుగా ఫిర్యాదు నమోదు చేయవచ్చు. ఆ నంబరు వేసి ఎంపీకి అర్జీ ఇస్తే, ఎంపీ ఉత్తరానికి విదేశాంగ శాఖలో పట్టు దొరుకుతుంది. నంబరు లేని ఉత్తరానికి వచ్చే జవాబు ఎక్కువసార్లు ‘వివరాలు పంపగలరు’ అనే. మీ ఇంట్లోంచి ఎవరైనా విదేశానికి బయల్దేరుతుంటే పాస్‌పోర్టు మొదటి పేజీ, వీసా, కంపెనీ ఒప్పందం నకళ్లు తీసి ఇంట్లో ఒక కవర్లో పెట్టండి. ఏజెంటు ఫోన్ నంబరు ఆ కవరు మీదే రాసి పెట్టండి.