ఓడకు వెన్ను, కారుకు చట్రము

1941 జూన్ 21వ తేదీన విశాఖపట్టణమున సింధియా కంపెనీ నౌకానిర్మాణశాలకు బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన గావించిన నాటికి, ఆ కంపెనీ సారథియైన వాల్‌చంద్ హీరాచంద్ మనస్సున ఓడ యొక్కటియే లేదు. అంతకుముందే, 1940లో, బెంగుళూరున విమానముల కర్మాగారమునకు ఆయన పూనుకొనియుండెను. 1944లో ప్రీమియర్ ఆటోమొబైల్స్‌ను స్థాపించెను. నీటను, నింగిని, నేలను చరించు ఈ మూడింటికిని మొదటి ప్రశ్న ఒక్కటియే: బరువు మోయు అస్థిపంజరమెట్లుండవలెను? ఇంటి షెడ్డులో స్పోర్ట్స్ కారు కట్టుకొనదలచినవాడును ఇంజను కంటె ముందు దీనికే ఉత్తరము వెదకుకొనవలెను.

అన్నిటికంటె పురాతనమైనది నిచ్చెన చట్రము. నిలువు పట్టెలు రెండు, అడ్డపట్టెలు కొన్ని, చూచుటకు నులకమంచమే. రేవునుండి సరకు మోయు లారీలు నేటికిని దీనినే నమ్ముకొనియున్నవి. కాని మంచపు కోడు ఒకదానిక్రింద రాయి పెట్టినచో పట్టెలు మెలి తిరిగినట్లే, మలుపున వేగముగా పోవు కారునందు ఈ చట్రమును మెలి తిరుగును. చట్రము మెలి తిరిగిన పిమ్మట చక్రములు నేలను తమ చిత్తము వచ్చినట్లు తాకును.

ఓడ దారి వేరు. ఆ విశాఖ నౌకాశాలలోనే కట్టగా 1948 మార్చి 14న నెహ్రూ జలప్రవేశము గావించిన 8,000 టన్నుల ‘జల ఉష’ ఓడయందు వెన్నెముక, ప్రక్కటెముకలు, పైరేకు కలసియే సముద్రపు తాకిడిని భరించినవి. ఇటలీలో విన్‌చెంజో లాంచియా ఓడపొట్టను చూచియే తన లాంబ్డా కారునకు విడి చట్రము మానెనని చెప్పుదురు; అది 1922లో పారిస్ ప్రదర్శనయందు నిలిచెను. దేహమే చట్రమగు ఈ పద్ధతికి మోనోకాక్ అని పేరు. వాల్‌చంద్ కంపెనీ పిదప తయారుచేసిన ఫియట్ 1100 సైతము ఈ కోవలోనిదే. అయితే అగ్గిపెట్టె తొడుగులో ఉన్నంతసేపే గట్టిది, తొడుగు తీసిన అర మెలి తిరుగును. పైకప్పులేని కారునకును అదే గతి. పైగా రేకులు నొక్కు ప్రెస్సులు ఇంటి షెడ్డున నెక్కడివి?

లండనున నిర్మాణశాస్త్రము చదివిన లోటస్ కార్ల నిర్మాత కాలిన్ చాప్‌మన్ ఈ చిక్కును పలుమార్లు విప్పిచూచెను. 1957లో కప్పుగల ఎలీట్ కారును ఫైబర్‌గ్లాస్ మోనోకాక్‌గా కట్టెను. 1962లో కప్పులేని ఎలాన్‌కు నడుమ నొక ఉక్కుపెట్టెను వెన్నెముకగా అమర్చెను. విడిభాగములుగా ఇంటికి తెచ్చుకొని బిగించుకొను లోటస్ సెవెన్‌కు మాత్రము, అదే 1957లో, సన్నని ఉక్కు గొట్టముల పంజరమునే ఎన్నుకొనెను. దాని మర్మము మన రేవు క్రేన్ల చేతులను చూచిన బోధపడును: చతురస్రమును మూల పట్టి త్రోసిన ఒరుగును, త్రిభుజము మాత్రము, భుజము వంగనిదే గాని విరుగనిదే గాని, ఒరుగదు. ప్రక్కలు ఎత్తుగా నుండవలసినందున తలుపులకు చోటు చాలదు. ఆ కారులోనికి ప్రక్కగోడ దాటియే దిగవలెను.

1992 ఆగస్టు 1న ప్రధాని పి.వి. నరసింహారావు జాతికంకితము గావించిన మన విశాఖ ఉక్కు కర్మాగారము యాంగిళ్ళను, ఛానళ్ళను తయారుచేయుచున్నను, ఈ పంజరమునకు వలసినది మూసిన గొట్టము; ఒకవైపు తెరచియున్న ఛానలు మెలిపెట్టిన సులభముగా లొంగును. 1996లో తన గ్రంథముద్వారా ఈ విద్యను సామాన్యులకందించిన రాన్ ఛాంపియన్ వాడినది అంగుళపు చదరపు గొట్టమే. రంపము, వెల్డింగు సెట్టు, ఓపిక ఉన్నవానికి అది అందుబాటులోనిదే. రహదారి ఎక్కించుటకు మాత్రము మోటారు వాహన నిబంధనల ఆమోదము వేరుగా వలయును.

పూర్వపు నౌకాశాలలందు ఓడ ఆకృతిని అసలు కొలతలతో నేలమీదనే గీచుకొనెడివారు. ఇంటి నిర్మాతయు చదునైన బల్లపై గొట్టములను పరచి, దారముతో కర్ణములు రెండింటిని కొలిచి, అవి సరిసమానమైన పిమ్మటనే తొలి వెల్డింగు పెట్టవలెను.