తూరు పతన ప్రవచనం: హీబ్రూ మూలం, క్రైస్తవ వ్యాఖ్యానం, గోదావరి డెల్టా

వ్యాససంగ్రహం

తూరు నగర వినాశనాన్ని ప్రకటించిన యెహెజ్కేలు ప్రవచనాలను క్రైస్తవ వ్యాఖ్యాతలు ఎక్కువగా ‘అవి నెరవేరాయా?’ అన్న ప్రశ్నతోనే చదివారు. ఆ ప్రశ్న చాటున మరుగునపడిన అభియోగాన్ని గుర్తించి, గోదావరి డెల్టా చరిత్ర దృష్ట్యా దాన్ని పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: యెహెజ్కేలు, తూరు, దేవోక్తి, కాలజ్ఞానం, కోరంగి.

1. ప్రవచన నేపథ్యం

తూరు మధ్యధరా తీరంలోని ఫినీషియన్ల రేవుపట్టణం. తీరానికి ఎదురుగా ఉన్న ద్వీపమే దాని ప్రధాన రక్షణ. బబులోను సైన్యం క్రీ.పూ. 587-86 ప్రాంతంలో యెరూషలేమును కూల్చినప్పుడు, ఇక లాభం తనదేనని తూరు సంతోషించిందని యెహెజ్కేలు 26వ అధ్యాయం ఆరోపిస్తుంది. అనేక జనాలు అలల్లా దానిపైకి వస్తాయని, నెబుకద్రెజరు ముట్టడిస్తాడని, ఆ స్థలం వలలు ఆరబెట్టుకునే బండగా మిగిలి మళ్లీ నిర్మాణానికి నోచుకోదని ప్రవక్త ప్రకటించాడు. 27వ అధ్యాయం తూరును సరుకులతో నిండి మునిగిపోయే ఓడగా చిత్రించిన శోకగీతం. అందులోని సరుకుల పట్టికలో వెండి, ఇనుము, దంతం, గుర్రాలతోపాటు మనుషులూ ఉన్నారు.

2. గ్రంథంలోనే కనిపించే సవరణ

ముట్టడి పదమూడేళ్లు సాగిందని జోసీఫస్ పేర్కొన్నాడు. నగరం మాత్రం నేలమట్టం కాలేదు. సైన్యం ఎంత శ్రమించినా తూరువల్ల కూలి దక్కలేదని, అందుకు బదులుగా ఐగుప్తు లభిస్తుందని 29వ అధ్యాయం చెబుతుంది. క్రీ.పూ. 571 నాటిదిగా లెక్కకు వచ్చే ఈ మాట మొదటి ప్రవచనాన్ని రద్దు చేయలేదు, దాని పక్కనే నిలిచింది. గ్రంథాన్ని కూర్చినవారు ఈ వ్యత్యాసాన్ని దాచలేదంటే, వారి దృష్టిలో ప్రవచనం విలువ కేవలం ఫలితంతో తేలేది కాదని భావించవచ్చు.

3. క్రైస్తవ వ్యాఖ్యానం

క్రైస్తవ సంప్రదాయంలో మూడు ధోరణులు స్పష్టంగా కనిపిస్తాయి. మొదటిది చారిత్రక సమర్థన. తూరువారు సంపదను ముందే ఓడల్లో తరలించినందువల్ల సైన్యానికి కూలి దక్కలేదని జెరోమ్ వివరించాడు. క్రీ.పూ. 332లో అలెగ్జాండర్ పాత తూరు శిథిలాలతో సముద్రంలో కట్ట వేసి ద్వీపాన్ని గెలవడాన్ని ప్రవచన నెరవేర్పుగా తర్వాతి వ్యాఖ్యాతలు చూపారు. అయితే అపొస్తలుల కార్యములు 21వ అధ్యాయంలో పౌలు తూరులోని శిష్యులతో ఏడు రోజులు గడిపాడు. ఆ నగరం నేటికీ లెబనాన్‌లో జనావాసమే. రెండవది ఆధ్యాత్మిక వ్యాఖ్యానం. 28వ అధ్యాయంలోని తూరు రాజును పతనమైన దివ్యశక్తిగా ఒరిగెన్ గ్రహించాడు. మూడవది ప్రకటన గ్రంథం 18వ అధ్యాయంలో ఉంది. అక్కడ యెహెజ్కేలు శోకగీతం ‘మహా బబులోను’కు, అంటే పలువురి వ్యాఖ్యానం ప్రకారం రోముకు, అన్వయమైంది. ఆ సరుకుల పట్టిక కూడా మనుషులతోనే ముగుస్తుంది. మూల అభియోగాన్ని నిలుపుకున్నది ఈ మూడవ ధోరణే.

4. గోదావరి డెల్టా సందర్భం

1836లో ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ వెంట వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ గోదావరి డెల్టా మిషన్‌కు ఆద్యులు. వారు చెందిన బ్రదరన్ ఉద్యమం ప్రవచనాల అక్షరార్థ పఠనానికి పెద్దపీట వేసింది. తెలుగు బైబిలు ఇటువంటి నగర ప్రవచనాలకు కొన్నిచోట్ల ‘దేవోక్తి’ అనే మాటను వాడింది. దేవోక్తి అంటే దేవుని పలుకు, అందులో జోస్యమన్న అర్థం తప్పనిసరి కాదు. కాని వీరబ్రహ్మేంద్రస్వామి కాలజ్ఞానం ఎరిగిన సమాజంలో దేవోక్తిని కూడా భవిష్యత్ సూచికగా చదివే అవకాశం ఎక్కువ.

ఆ పఠనంలో వర్తకంపై మోపిన అభియోగం వెనకబడుతుంది. ఆలమూరు పక్కగా సాగే గౌతమి ముఖద్వార ప్రాంతంలోనిదే కోరంగి రేవు. 19వ శతాబ్దిలో ఈ తీరం నుంచి కూలీలు మారిషస్‌కు, బర్మాకు తరలివెళ్లారు. బర్మాలో తెలుగు కూలీలకు ‘కోరంగీలు’ అన్న పేరే స్థిరపడింది. కూలి వలస, బానిస వ్యాపారం ఒకటి కావు. అయినా శ్రమించే మనిషిని సరుకుల లెక్కలో చేర్చిన రేవుల చరిత్ర ఈ డెల్టాకు పరాయిది కాదు.

5. ముగింపు

తూరు మళ్లీ నిర్మితమైందా లేదా అన్న చర్చ ప్రవచనాన్ని సాక్ష్యపత్రంగా మార్చింది. పొరుగు నగరం పతనంలో లాభం చూసుకోవడం, మనుషులను సరుకుగా లెక్కించడం యెహెజ్కేలు పాఠంలోని ప్రధానాంశాలు. తెలుగు క్రైస్తవ సాహిత్య పరిశోధన ఈ అంశాలను డెల్టా వలస చరిత్రతో కలిపి అధ్యయనం చేయవలసి ఉంది.